కంపెనీలు కలిశాయి, ఫోను మోగలేదు

మొన్న పొద్దున కాఫీ తాగుతూ పేపరు తిరగేస్తుంటే లోపలి పేజీలో ఒక ఫోటో కనపడింది. సూట్లు వేసుకున్న ఇద్దరు పెద్దమనుషులు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, పళ్ళ డాక్టరుకు చూపిస్తున్నట్టు ఉన్న పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు. ఆఫీసులకు ఫోను వ్యవస్థలు అమ్మే రెండు కంపెనీలు ఒక్కటయ్యాయట, ఇకమీదట వినియోగదారులకు మరింత మెరుగైన సేవలు అందుతాయట. ఆ మాట చదివి నేను ఎంత గట్టిగా నవ్వానంటే, స్నానాల గదిలోంచి మావారు తల బయటపెట్టి “ఏందే, ఒక్కదానివే గిట్ల నవ్వుతున్నవ్?” అని అడిగారు. పేపరు మడిచి పక్కన పడేశాను గానీ, మనసు మాత్రం మడత పడలేదు. రాయచూరు స్టేషను రోడ్డు పక్క సందులోని మా ఆసుపత్రికి వెళ్ళిపోయి అక్కడే కూర్చుంది.

మా ఆసుపత్రి అంటే నాది కాదు లెండి, నేను టెలిఫోను ఆపరేటరుగా పనిచేసిన ప్రైవేటు ఆసుపత్రి. పెట్టింది ఒక డాక్టరు గారు. కాలవ కింద వరి పండించుకోవడానికి వాళ్ళ నాన్నగారి హయాంలో కోస్తా నుంచి వచ్చి సింధనూరు అవతల, క్యాంపు అని పిలిచే వలస రైతుల ఊళ్ళో స్థిరపడిన కుటుంబం వారిది. మేమేమో తరతరాలుగా రాయచూరు పట్నం వాళ్ళం. ఆయన తెలుగు ఒక రకం, మా తెలుగు ఒక రకం, ఇంటి బయట అడుగు పెడితే కన్నడం, బజారుకు పోతే ఉర్దూ. ఇవన్నీ వచ్చు గనకనే నాకు ఆ ఉద్యోగం వచ్చింది. తుర్విహాళ నుంచి ఫోను చేసే క్యాంపు రైతుకు ఆయన భాషలో, ముదగల్ నుంచి చేసే దుకాణదారుకు ఆయన భాషలో, ఏడుస్తూ మాట్లాడే ఆడమనిషికి ఏ భాషలోనైనా సరే, ముందు ఊరడించి తరవాత డాక్టరుకు లైను కలపడం నా పని. నా బల్ల మీద మీగడరంగు ఫోను పెట్టె ఒకటి ఉండేది. దానికి వరస బొత్తాలు, ఒక్కో బొత్తానికి ఒక్కో ఎర్రదీపం. ఆపరేషను గది, ప్రసూతి వార్డు, మందుల కొట్టు, రక్తపరీక్షల గది, అన్నిటికీ తీగలు అక్కడినుంచే పోయేవి. డాక్టరు గారు ఏ అంతస్తులో ఉన్నారో నాకు తెలిసినట్టు ఆయన భార్యకు కూడా తెలిసేది కాదు.

ఆ పెట్టె అమ్మింది హైదరాబాదు కంపెనీ ఒకటి. పెద్ద కంపెనీ ఏమీ కాదు. రాయచూరులో వాళ్ళ ఆఫీసు అంటే బట్టల దుకాణం మీద ఒక్క గది, అందులో ఒక్క మెకానిక్కు. నన్ను “అక్కా” అని పిలిచేవాడు. వానాకాలంలో పిడుగు పడి లైను పోతే సైకిలు మీద తడుస్తూ వచ్చి, లోపలి సర్క్యూట్ కార్డు ఒకటి ఊడదీసి ఇంకొకటి పెట్టి, మా ఇంటి నుంచి వచ్చిన జొన్నరొట్టె తిని పోయేవాడు. మా చెల్లెలి పెళ్ళిలో మైకు సెట్టు పాడైతే దాన్నీ ఆయనే బాగుచేశాడు. పనిలో మహా నిపుణుడని చెప్పను, అప్పుడప్పుడు ఒకటి బాగుచేయబోయి ఇంకొకటి చెడగొట్టేవాడు. కానీ పిలిస్తే వచ్చేవాడు. అంతకు మించి ఏ వ్యవస్థ అయినా మనిషికి చేసేది ఏముంటుంది?

ఒకనాడు ఆ హైదరాబాదు కంపెనీని బెంగుళూరు కంపెనీ ఒకటి తనలో కలుపుకుంది. మాకు ఆ సంగతి తెలిసింది తళతళలాడే ఒక కార్డు ద్వారా. రెండు కుటుంబాలు ఒక్కటయ్యాయని, మేము వారికి అత్యంత విలువైన కస్టమర్లమని అందులో అచ్చు వేయించారు. పెళ్ళిపత్రిక లాగే ఉంది, భోజనాలు ఎక్కడో మాత్రం రాయలేదు. ఆ తరవాత నెల తిరక్కుండానే బట్టల దుకాణం మీది గదికి తాళం పడింది. మెకానిక్కును బెంగుళూరు పిలిపించుకున్నారు. రిపేరు కావాలంటే ఇక ఒక బెంగుళూరు నంబరుకు చేయాలి. చేస్తే, చల్లగా, మంచుగడ్డ మింగినట్టు ఉండే ఒక రికార్డు గొంతు మన కాల్ వాళ్ళకెంతో ముఖ్యమని చెప్పి, సంగీతం పెట్టి పోయేది. ముఖ్యమైన మనిషిని వాకిట్లో నిలబెట్టి లోపల డోలు వాయించుకునే మర్యాద నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ ఏడు వానాకాలంలో పిడుగు పడి వార్డుల ఫోన్లన్నీ పోయాయి. ఎన్నో రోజులు వెంటపడగా బెంగుళూరు నుంచి జవాబు వచ్చింది, ఆ మోడలు తాము ఆపేశామని, దాని కార్డులు ఇక దొరకవని. పెట్టె బాగానే ఉంది, తీగలు బాగానే ఉన్నాయి, అరచేతి అంత కార్డు ఒక్కటి చాలు. దాన్ని తయారు చేసిన కంపెనీని కొనుక్కున్నవాళ్ళే దాన్ని చంపేశారు, ఎందుకంటే వాళ్ళ దగ్గర అమ్మడానికి వాళ్ళ సొంత పెట్టెలు ఉన్నాయి. మేము ఆయాలను మెట్ల మీద పరుగులు పెట్టిస్తూ కాలం గడిపాం. ప్రసూతి వార్డు ఆయమ్మ అయితే మెట్లు ఎక్కి ఎక్కి మోకాళ్ళు పట్టుకుని నా బల్ల పక్కనే కూలబడేది.

సరిగ్గా మేము అలిసిపోయిన సమయానికి వచ్చాడు కంపెనీ మేనేజరు, మిఠాయి డబ్బా పట్టుకుని. ఆయన వెనకాల మా మెకానిక్కు, మెడకు టై కట్టుకుని! మెడ తిప్పలేక, నా వైపు చూడలేక, సంచీ మోస్తూ నిలబడ్డాడు. లెక్కలూ కొనుగోళ్ళూ చూసే డాక్టరు గారి బావమరిది వాళ్ళను లోపలికి తీసుకుపోయి కూర్చోబెట్టాడు. ఈ బావమరిది సంగతి ఒక్కమాట చెప్పాలి. ఇంగ్లీషులో గట్టిగా చెప్పిన ప్రతిదీ నిజమని నమ్మే రకం. మేనేజరు ప్రొజెక్టరుతో గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు, బాణాలు, మేఘాలు, నవ్వుతున్న తెల్లవాళ్ళు. చివరగా నేను టీ కప్పులు అందిస్తుండగా, నా ఎదురుగానే, “ఇక మీకు ఆపరేటర్ తలనొప్పే ఉండదు సార్, అంతా మెషీనే చూసుకుంటుంది” అన్నాడు. ఆ తలనొప్పి చేతి టీ తాగుతూనే అన్నాడు.

కొత్త వ్యవస్థ వచ్చింది. ఫోను చేసినవాళ్ళకు మొదట ఒక అమ్మాయి గొంతు ఇంగ్లీషులో స్వాగతం చెబుతుంది, తరవాత హిందీలో. ఆ పైన దేనికి ఏ అంకె నొక్కాలో పాఠం అప్పజెబుతుంది. ఆపరేటరు కావాలంటే తొమ్మిది నొక్కాలి, అది అన్నిటికంటే చివర. తెలుగు, కన్నడం ఏవని నేను అడిగితే, భాషలు విడిగా కొనుక్కోవాలన్నాడు మేనేజరు. రాయచూరు జిల్లాలో జబ్బు చేసినవాళ్ళు మాట్లాడే భాషలే విడిగా కొనుక్కోవలసిన వస్తువులయ్యాయి. అంతకంటే ఘోరం ఇంకొకటి ఉంది. వార్డుల తీగలు మాత్రం కొత్త యంత్రానికి మార్చి, పొదుపు అని చెప్పి నా బల్ల మీది పాత పెట్టెను అలాగే ఉంచి, దాన్ని కొత్త యంత్రానికి తగిలించారు. పాతది ఒక కంపెనీ చేసింది, కొత్తది ఇంకో కంపెనీ చేసింది. కాగితాల మీద కలిసిన కంపెనీలు తీగల్లో కలవలేదు. ఉన్నట్టుండి ఆ రెంటికీ మాటలు తెగిపోయేవి. అప్పుడు ఫోను చేసినవాళ్ళకు రింగు చక్కగా వినపడేది, ఇక్కడ నా బల్ల మీద మాత్రం చప్పుడు ఉండేది కాదు, దీపం వెలిగేది కాదు. ఈ సంగతి తరవాత తెలిసింది. అప్పట్లో నాకు తెలిసిందల్లా ఫోన్లు తగ్గిపోయాయని. బావమరిదికి ఆ మాట చెబితే ఆనందపడిపోయాడు, “చూశావా, మెషీను ఎంత పని పంచుకుంటోందో!” అని.

మా చెల్లెల్ని సిరవార దగ్గరి పల్లెకు ఇచ్చాం. ఆమె భర్త, అంటే మా మరిది, పొద్దస్తమానం బురదలో ఉండే మనిషి. నాట్ల కాలంలో మా ఆసుపత్రికి పాము కాటు కేసులు చాలా వచ్చేవి. పాము మందు ఒక్కోసారి నిండుకునేది కూడా. అందుకని చుట్టాలకూ స్నేహితులకూ నేను మొదటినుంచీ ఒకటే చెప్పేదాన్ని, అలాంటిది ఏమైనా జరిగితే బయలుదేరే ముందు నాకు ఫోను చేయండి, ఉందో లేదో చెబుతాను, డాక్టరును సిద్ధంగా ఉంచుతాను అని. చేతి ఫోన్లు అప్పుడప్పుడే ఊళ్ళలోకి వస్తున్న రోజులవి. మా ఇంట్లో ఉన్న ఒక్కటీ మావారి జేబులో ఉండేది.

ఆ రోజు పొద్దున మడి గట్టు మీద మరిదిని రక్తపింజరి కరిచింది. చెల్లెలు ట్రాక్టరు మీద ఆయన్ని సిరవార బస్టాండుకు తెచ్చి, కిరాణా కొట్టు ముందున్న రూపాయి డబ్బా ఫోను దగ్గరికి పరుగెత్తింది. బిళ్ళ వేసింది. ఇంగ్లీషు అమ్మాయి స్వాగతం చెప్పింది. హిందీ అమ్మాయి స్వాగతం చెప్పింది. పాఠం మధ్యలోనే బిళ్ళ అయిపోయి లైను తెగింది. ఇంకో బిళ్ళ, మళ్ళీ స్వాగతం. పక్కన బస్సు కోసం నిలబడ్డ బడి పంతులు ఒకాయన పాపం చెవి ఆనించి విని, తొమ్మిది నొక్కాలని చెప్పి తానే నొక్కాడు. అప్పుడు మోగిందట. మోగుతూనే ఉందట. ఎవరూ ఎత్తలేదు.

ఆ సమయానికి నేను ఆ ఫోను ముందే కూర్చుని ఉన్నాను. పని లేక, చెప్పడానికే సిగ్గుగా ఉంది, మంచినీళ్ళ కూజా చుట్టూ తడిగుడ్డ చుడుతున్నాను.

రాయచూరులో ఏదో అయింది, ఆసుపత్రి మూసేశారనుకుంది చెల్లెలు. జీపు మాట్లాడుకుని వేరే దారిన ఉన్న ఒక చిన్న ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ మందు లేదన్నారు. వెనక్కు తిరిగి రాయచూరు వచ్చేసరికి మధ్యాహ్నం అయిపోయింది. గేటు ముందు జీపు ఆగడం, దాంట్లోంచి మోకాళ్ళ దాకా బురదతో నా తోడబుట్టింది దిగడం అద్దాల తలుపులోంచి చూశాను. పరుగెత్తుకుని పోయి ఆమె భుజం పట్టుకున్నాను. ఆమె నన్ను చూడలేదు, నా వెనకాల బల్ల మీదున్న ఫోనును చూసింది. మరిది కాలు అప్పటికే నల్లబడి, వాచి, గుర్తుపట్టేట్టు లేదు. డాక్టరు గారు పరుగున వచ్చారు. మందు ఉంది. ఆ పొద్దున కూడా ఉంది.

సాయంత్రం వరండాలో నేను తెచ్చిన టీ ముట్టుకోకుండా కూర్చున్న చెల్లెలు అడిగింది.

“నీ బల్ల మీదనే ఉండె కదక్కా ఫోను. ఎందుకు ఎత్తలే?”

“మోగలేదే. నీ మీదొట్టు, మోగలే.”

“నాకైతే మోగింది.”

అంతే. ఆమె అరిచి ఉంటే బాగుండేది.

మర్నాడు బెంగుళూరు నంబరుకు ఫోను చేశాను. సంగీతం వినిపించి వినిపించి చివరకు ఒక కుర్రగొంతు పలికి, ఫిర్యాదు రాసుకున్నానంది. సాయంత్రానికి వాళ్ళ దగ్గరినుంచి కబురు వచ్చింది, మీ సమస్య విజయవంతంగా పరిష్కరించబడింది, మా సేవకు మార్కులు వేయండి అని. ఒక మనిషి కాలు నల్లబడి పైన మంచం మీద పడి ఉంటే మార్కులు అడుగుతున్నారు! బావమరిదికి చెప్పాను. యంత్రం తప్పు చేయదని, నేనే కునుకు తీసి ఉంటానని అన్నాడు. తిన్నగా డాక్టరు గారి గదిలోకి పోయాను.

“సార్, ఒక్కసారి నాతోని బయటికి రాండి.”

“ఏంటమ్మా, ఎక్కడికి? పేషంట్లున్నారు.”

“రోడ్డు అవతలికి సార్. ఎక్కువ సేపు పట్టదు.”

నా మొహంలో ఏం కనపడిందో గానీ లేచి వచ్చారు. ప్రసూతి వార్డు ఆయమ్మను నా కుర్చీలో కూర్చోబెట్టి, ఫోను మోగితే చెయ్యెత్తమని చెప్పి, రోడ్డు దాటి ఎదురుగా ఉన్న పాన్ డబ్బా దగ్గరికి పోయాం. అక్కడ తగిలించి ఉన్న రూపాయి ఫోనులో బిళ్ళ వేసి, మన ఆసుపత్రికే చేయండి సార్ అన్నాను. పాన్ డబ్బా సాహెబు వింతగా చూసి “ఏంది డాక్టర్ సాబ్, మీ దవాఖానల ఫోన్లు ఖరాబైనయా?” అన్నాడు. డాక్టరు గారు ఇంగ్లీషు విన్నారు, హిందీ విన్నారు. మొదటి బిళ్ళ అయిపోయింది. ఇంకొకటి వేశారు. ఎండలో నిలబడి, చెమట తుడుచుకుంటూ, తన సొంత ఆసుపత్రికి లోపలికి దారి వెతుక్కుంటున్న ఆ పెద్దమనిషిని చూస్తే నాకు జాలి వేయలేదు. తొమ్మిది నొక్కారు.

“మోగుతోందమ్మా.”

“అటు చూడండి సార్.”

అద్దాల తలుపు వెనక మా ఆయమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని, కన్నార్పకుండా ఫోనునే చూస్తూ కూర్చుని ఉంది. డాక్టరు గారి చెవిలో మోగుతూనే ఉంది. ఆయమ్మ చెయ్యి లేవలేదు. ఆయన లైను తెగిపోయేదాకా అలాగే పట్టుకుని, ఫోను తగిలించి, రోడ్డు దాటారు.

తిన్నగా మా మరిది మంచం దగ్గరికి పోయి చెల్లెలితో, “మీ అక్క తప్పేమీ లేదమ్మా. ఫోను ఇక్కడ మోగలేదు. నేనే చూసొచ్చాను” అన్నారు. చెల్లెలు తలూపింది. పెద్ద డాక్టరు వచ్చి చెప్పినప్పుడు పల్లెటూరి ఆడది తలూపినట్టు ఊపింది. అంతకంటే ఎక్కువ ఏమీ లేదు ఆ తలూపడంలో.

మూడోనాడు టెలిఫోను శాఖ లైన్‌మన్ వచ్చి, యంత్రంతో సంబంధం లేకుండా, నా బల్ల మీదికి ఒక మామూలు లైను లాగి, మామూలు నల్లఫోను పెట్టిపోయాడు. మోగితే మోగేది, ఎత్తితే మనిషి పలికేది. డాక్టరు గారు ఆ నంబరు తన మందుల చీటీల మీద పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించారు. ఖరీదైన యంత్రం గోడ మీద దీపాలు మిణుకుమిణుకుమంటూ ఉండిపోయింది.

మేనేజరు వచ్చాడు, సంజాయిషీ చెప్పడానికి. సంజాయిషీ అంటే తప్పు ఒప్పుకోవడం అనుకునేరు. పాతకాలపు పెట్టె వాడుతున్నందుకు తప్పు మాదేనట, కొత్తది కొంటే ఈ ఇబ్బంది ఉండదట. పాతది ఉంచమన్నదే తాను అన్న సంగతి ఆయనకు గుర్తులేదు. వాళ్ళ ఉద్యోగానికి కావలసిన మొదటి అర్హత ఆ మరుపేననుకుంటాను. మేనేజరు కారెక్కాక మా మెకానిక్కు మాత్రం ఆగిపోయాడు. టై ఊడదీసి జేబులో కుక్కుకుని, బయటికి పోయి అరటిపళ్ళు కొనుక్కొచ్చి, మెల్లగా మరిది మంచం పక్కన కూర్చున్నాడు. “నేను చెప్పిన అక్కా, రెండూ కలవ్వని. వినలే” అన్నాడు నాతో. చెప్పాడో లేదో నాకు తెలియదు. చెప్పి ఉండవచ్చు. చెప్పినా వినే చెవి ఆ కంపెనీలో ఎక్కడా లేదని మాత్రం నాకు తెలుసు.

మరిది బతికాడు. కానీ కాలి వేళ్ళు తీసేయవలసి వచ్చింది, మడమ కూడా సరిగ్గా ఆనేది కాదు. బురదలో దిగి నిలబడలేని మనిషికి వరిపొలం ఎందుకు? పొలం కౌలుకిచ్చేసి, సిరవారలో ఎరువుల దుకాణంలో కూర్చున్నాడు. చెల్లెలు నాతో మాట్లాడటం మానలేదు, పండగలకు వచ్చేది, పిల్లల్ని తెచ్చేది. మాటల మధ్యలో ఎక్కడో ఒక మెట్టు తగ్గి ఉండేది, కాలు పెట్టినప్పుడల్లా నాకు తెలిసేది.

కథ అక్కడితో అయిపోతే కంపెనీల గొప్పతనం మీకు పూర్తిగా తెలియదు. కొన్నాళ్ళకు మళ్ళీ ఒక తళతళలాడే కార్డు వచ్చింది. ఈసారి బెంగుళూరు కంపెనీని ఇంకా పెద్ద విదేశీ కంపెనీ ఏదో మింగింది. రెండు కుటుంబాలు మళ్ళీ ఒక్కటయ్యాయి, మేము మళ్ళీ అత్యంత విలువైనవాళ్ళమయ్యాం. గోడ మీదున్న మా కొత్త యంత్రం మోడలు ఆపేస్తున్నామని, దాని విడిభాగాలు ఇక దొరకవని రెండో పేజీలో ఉంది. బావమరిది ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూస్తుంటే, “సార్, మార్కులు వేయమన్నరా?” అని అడిగాను. కలిసినప్పుడల్లా మనుషుల్ని తగ్గించుకునే కుటుంబాలు కదా, మా మెకానిక్కు ఉద్యోగం ఆ ఊపులో పోయింది. ఆ తరవాత ఆయన ముదగల్ బస్టాండు దగ్గర ఫోన్ల దుకాణం పెట్టుకున్నాడని విన్నాను. మేనేజరు ఏమయ్యాడో తెలియదు గానీ చెడిపోయి ఉండడు. అలాంటివాళ్ళు ఏ కంపెనీ మునిగినా పైకే తేలతారు.

నేను రిటైరయ్యాను. డాక్టరు గారు పోయారు. నేను కూర్చున్న చోట ఇప్పుడు టోకెన్లు ఇచ్చే యంత్రం నిలబడి ఉంది, జనం దాని ముందు వరస కట్టి దాని పొట్టలోంచి వచ్చే చీటీ కోసం చెయ్యి చాపుతున్నారు. మన వయసువాళ్ళు అక్కడికి పోతే ముందు మనిషి కోసం చుట్టూ చూస్తారు. నేను చూశాను, అందరూ ఒకేలా చూస్తారు. ఫోను మోగితే లోపల ఒక మనిషి ఉంటుందని, ఆ మనిషి ఎత్తుతుందని, ఎత్తకపోతే దానికి మనిషికి ఉండే కారణమే ఏదో ఉంటుందని నమ్ముతూ పెరిగినవాళ్ళం. మెరుగైన సేవల కింద ఆ నమ్మకం ఎప్పుడు నలిగిపోయిందో ఎవరూ గమనించలేదు. కొత్తగా పుట్టినవాళ్ళకు అది ఉండేదని కూడా తెలియదు.

చెల్లెలూ మరిదీ ఇప్పుడు రాయచూరులోనే, మా వెనక వీధిలో ఉంటున్నారు. ఇద్దరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. అయినా చెల్లెలు నాకు ఫోను చేయదు. చిన్న పనికైనా పెద్ద పనికైనా, ఎండలోనైనా, వీధి చుట్టి నడిచి వచ్చి, గేటు ఊపుతూ నన్ను పిలుస్తుంది. మొన్న కూడా అలాగే చెమటలు కక్కుతూ వస్తే, “ఒక్క ఫోను కొట్టొచ్చు కదనే, నేనే వస్తుంటి” అన్నాను.

“ఏమోనక్కా, ఎత్తుతవో ఎత్తవో” అంది నవ్వుతూ.

నేనూ నవ్వాను. గేటు తీసి, మంచినీళ్ళు తేవడానికి లోపలికి పోయాను.